మసకెయ్యొద్దన్న ముఖం

గోడంత తెర మీద తన ముఖం కనపడగానే నజీరాకి ముందు గుర్తొచ్చింది ముక్కుపుడక. అయ్యో, ఆ రోజు పెట్టుకోలేదే. బండి తోసుకుంటూ ఊళ్ళెంట తిరిగేటప్పుడు దాన్ని తీసి గూట్లో పెట్టి పోవడం అలవాటు, అదే అలవాటున కెమెరా ముందుకీ వెళ్ళిపోయింది, ఇప్పుడు చూడు, ముక్కుకున్న ఆ చిల్లుని శనగ్గింజంత లావున హాలు హాలంతా చూస్తోంది. చిలకలూరిపేటలో కల్యాణమండపం పై అంతస్తు ఇది. పెళ్ళి లేని మధ్యాహ్నం కాబట్టి దొరికింది. కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశారు గానీ ఎండ ఆగుతుందా, సందుల్లోంచి సన్నగా జొరబడి ముందు వరస కుర్చీల మీద గీతలు గీస్తోంది. కింద రోడ్డు మీద మిరపకాయల లారీలు గుంటూరు యార్డుకి పోతున్నాయి, ఆ ఘాటు మెట్లెక్కి పైకొచ్చి, సినిమా నడుస్తుండగానే ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. తెర మీద నజీరా చేత్తో చెమట తుడుచుకుని "పాత సామాన్లు కొంటాం! ఇనప ముక్కలు, రేకు డబ్బాలు, పాత బిందెలు! ఉల్లిపాయలిస్తాం!" అని అరిచింది. నా గొంతు ఇట్టా ఉంటుందా, అనుకుంది కుర్చీలో నజీరా. రంపంలా ఉంది. ఉంటే ఉంది, వీధి చివర మేడ మీద వాళ్ళకి వినపడొద్దూ. పక్కన మాలిక్ కదల్లేదు. ఓరగా చూసింది. ఇస్త్రీ చొక్కా, కుడికాలు చాపి, చేతులు రెండూ తొడల మీద. భార్య ముఖం అంత పెద్దదిగా కనపడుతుంటే ఆయన చూస్తోంది తెరనో, తెర పక్క గోడనో తెలియదు. పొద్దున తను రమ్మనలేదు. ఆయన వస్తాననీ అనలేదు. చొక్కా వేసుకుని ఆటోలో ముందే ఎక్కి కూర్చున్నాడు, అంతే.

తెర మారింది. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు. కొండని జున్నుముక్కలా కోసిన ఆ గుంతలు, పైన బొమ్మల్లా మనుషులు, అంచున రాళ్ళ గుట్టలో ఎలీషా. అతన్ని ఒక్కసారే చూసింది నజీరా, ఈ సినిమా తీసిన అఖిల తీసుకెళ్ళి చూపించింది, ఇతనూ మీలాగే అక్కా అని. అరిగిపోయి పారేసిన డ్రిల్లు రాడ్లని రాళ్ళ కింద నుంచి లాగి ఒకదాని మీద ఒకటి వేస్తున్నాడు ఎలీషా, ఠంగుమని మోగుతోంది. ఆ మోతకి నజీరాకి నాన్న గుర్తొచ్చాడు. ఎందుకంటే ఏం చెబుతుంది, ఇనుముకీ నాన్నకీ మొదట్లో ఏ సంబంధమూ లేదు, ఆయన చేతిలో ఉన్నది దూదేకే విల్లు. నరం బిగించి కొడితే టంయ్‌మని మోగేది, దూది పొగమంచులా లేచేది, ఆ మధ్యలో నాన్న కనుబొమలు, మీసాలు తెల్లగా, ముసలి వేషం వేసుకున్న కుర్రాడిలా. ఊళ్ళో ఎవరింట్లో పరుపు గట్టిపడినా దూదేకుల సాయిబుని పిలవండి అనేవాళ్ళు. పత్తి పండే నేల, దూది ఏకేవాడికి పనికి లోటుంటుందా అనుకున్నారు. ఫోమ్ పరుపులొచ్చాయి. ఒక సంక్రాంతి నాటికి పిలిచేవాళ్ళు సగమయ్యారు, ఇంకో ఉగాదికి ఎవరూ లేరు. విల్లు అటక మీద పెట్టి, ఒక పాత తోపుడు బండి సంపాదించి, అవే వీధుల్లో, అవే గుమ్మాల ముందు నాన్న వేరే కేక వేశాడు. మొదటి రోజు గొంతు పెగల్లేదంట. గుమ్మంలో ఆడవాళ్ళు, ఏం సాయిబూ, విల్లేదీ, అన్నారంట. ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతా చెప్పాడు, నవ్వుతా చెప్పి అన్నం తినకుండా పడుకున్నాడు. నజీరా అప్పుడు చిన్నది. నవ్వినవాడు అన్నం ఎందుకు తినలేదో అర్థం కాలేదు. తర్వాత అదే పని చేసే మాలిక్‌కి ఇచ్చి చేశారు. నా బండి మీద పొగాకు ఆరబెట్టే బ్యారన్ మొత్తం విప్పేసినా పట్టుద్ది తెలుసా, అన్నాడు పెళ్ళైన కొత్తలో. అట్టా గొప్పలు పోయేవాడు. తలుపు తీయకముందే వీధి మొదట్లోంచి ఆయన గొంతు వినపడేది, కూతురు షమా ఉయ్యాల్లో ఉలిక్కిపడి లేచేది.

షమా రాలేదు. రాదని తెలుసు, అయినా వెనక తలుపు తెరుచుకున్నప్పుడల్లా నజీరా మెడ తిరుగుతూనే ఉంది. మంగళగిరిలో పెద్ద ఆఫీసు, గాజు తలుపుల ఆఫీసు, లోపలికి వచ్చేవాళ్ళకి మొదట కనపడే బల్ల షమాది. నమస్కారమండీ, ఎవర్ని కలవాలండీ అనడం ఉద్యోగం. ఎంత బాగా అంటుందో, ఒకసారి ఫోనులో విని నజీరా మురిసిపోయింది. అక్కడ వాళ్ళకి మా అమ్మానాన్నలది స్టీలు వ్యాపారం అని చెప్పుకుంది. అబద్ధమా? కాదులే, సగం నిజమే, అనుకుంది నజీరా అది తెలిసినప్పుడు. కోపం రాలేదు. కోపం వచ్చింది సినిమా సంగతిలో. "అమ్మా, బ్లర్ చెయ్యమని అఖిల గారికి చెప్పాను. నువ్వు సరే అంటే చేస్తారంట." బ్లర్ అంటే ఏందని అడిగింది. "ముఖం మీద మసక వేస్తారు. మాటలు వినపడతాయి, ఎవరో తెలియదు. నీకేం నష్టం?" నష్టం ఏమీ లేదు, నిజమే. ఆ సాయంత్రమంతా ఆలోచించింది, పాత ఫ్యాను విప్పుతూ, రాగి వేరు ఇనుము వేరు చేస్తూ. మసక ఎవరి ముఖాలకి వేస్తారు? టీవీలో చూడలేదా. స్టేషన్ మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి, నెత్తిన గుడ్డలు కప్పి, ముందు బల్ల మీద సొత్తు పరిచి ఫొటో తీస్తారే, వాళ్ళకి. మొగుణ్ణి దొంగన్నారు, కాదని చెప్పడానికి నేను కూర్చుంటే, నా ముఖానికీ గుడ్డ కప్పుకోమంటారా? ఫోను చేసి అఖిలకి ఒకటే మాట చెప్పింది: "అఖిలమ్మా, మసకెయ్యొద్దు. ఊరి పేరు కూడా తియ్యొద్దు." ఆ తర్వాత షమా ఫోను ఎత్తడం లేదు. ఎత్తకపోతే పోనీ. కాదు, పోనీ అని ఎట్టా అంటుంది, కన్నపిల్ల. గాజు తలుపుల వెనక ఆ పిల్ల రేపు ఏం చెప్పుకుంటుందో. చెప్పుకోనీ. మా అమ్మ పాత ఇనుము కొంటది అని ఒక్కసారి పైకి అని చూడవే, ఆకాశం ఊడిపడదు, నేను రోజూ వీధి వీధినా అరుస్తున్నా, పడిందా?

అఖిల గోడ పక్కన నిలబడి ఉంది, కూర్చోదు, తన సినిమా నడుస్తుంటే కూర్చోలేదంట. గుంటూరు పిల్ల. వెనక ఏ కంపెనీ లేదు, ఒక స్కూటీ, ఒక కెమెరా, వీపున సంచి. మొదటిసారి వచ్చి మీ పని సినిమా తీస్తానంటే నజీరా పకపకా నవ్వింది, ఈ తుక్కు ఎవరు చూస్తారమ్మా అని. ఎండల్లో, ముసుర్లో వెంట తిరిగింది. బండి ఎత్తు ఎక్కకపోతే కెమెరా కింద పెట్టి వచ్చి ఒక పట్టు పట్టేది. పట్టి, చేతికంటిన తుప్పు చూసుకుని, ఫ్యాంటుకి తుడుచుకునేది. ఇంట్లో మాలిక్‌ని కూర్చోబెట్టి అడిగింది ఒకసారి, అన్నా, ఆ రోజు ఏం జరిగిందో మీరే చెబితే బావుంటుంది. మాలిక్ కెమెరా వంక చూశాడు, కాలు వంక చూసుకున్నాడు, లేచి లోపలికి పోయాడు. అదీ సినిమాలో ఉందంట, మనిషి లేచి వెళ్ళిపోయాక మంచం ఒక్కటే కనపడుతుందంట. చెప్పింది నజీరా. ఆయన చెప్పనిదంతా, తనకి తెలిసినంతా.

తుమ్మగుంటపాలెం. ఆ పేరు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు బిగుస్తాయి. మిరపకి ఆఖరి తడి పెట్టాల్సిన రోజులు. రాత్రికి రాత్రి పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి లోపలి రాగి తీగంతా ఎవరో ఎత్తుకుపోయారు. మోటార్లు ఆగిపోయాయి. కాయ మీదున్న చేను నీళ్ళు లేక వాలిపోతుంటే రైతు కడుపు ఎట్టా మండుతుందో నజీరాకి తెలియదా, ఆ మంట అన్యాయమని ఆమె ఏనాడూ అనలేదు. తెల్లారింది. ఏమీ తెలియని మాలిక్ ఉల్లిపాయల బుట్టతో, తన కేకతో, ఆ ఊళ్ళోకి బండి తోసుకుంటూ పోయాడు. బండి మీద ఒక కాలిపోయిన మోటారు చుట్ట, ముందు రోజు ఇంకో ఊళ్ళో మెకానిక్ దగ్గర కొన్నది. రాగి! అన్నాడంట ఎవడో. అంతే. పాలకేంద్రం ముందు స్తంభానికి కట్టేశారు. చేతులతో కొట్టారు, తర్వాత బండి మీద ఉన్న ఇనుముతోనే కొట్టారు, ఏ ఇంటివాళ్ళో అమ్మిన గొర్రు చువ్వతోనే. మోకాలు చితికింది. అప్పుడొచ్చాడు బుల్లయ్య గారు. ఊరికి పెద్ద. ఆయన దొడ్లో పాత ఇనుమంతా ఎన్నో ఏళ్ళుగా మాలిక్‌దే. ఆ దొడ్లో వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఆ ఇంటివాళ్ళు మజ్జిగ ఇచ్చేవాళ్ళు. అయ్యా, నేనయ్యా, మాలిక్‌ని, చెప్పండయ్యా వీళ్ళకి, అన్నాడంట. బుల్లయ్య గారు చూశాడు. గుర్తుపట్టాడు, గుర్తుపట్టినట్టు కళ్ళు చెప్పినాయి. "ఏదో విచారించండ్రా" అని తన మోటారు బండెక్కి పోయాడు. ఇది మాలిక్ చెప్పింది కాదు. ఆసుపత్రి మంచం మీద నిద్రలో కలవరించింది. ముక్కలు ముక్కలుగా విని, ఇనప తుక్కు పోగేసినట్టు పోగేసుకుంది నజీరా. అసలు దొంగలు తర్వాత దొరికారు, ఎక్కడో వేరే జిల్లాలో, తీగతో సహా. ఊరికి తెలిసింది. తెలిసి, ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఈ గుమ్మం తొక్కి, పొరపాటైందిరా మాలిక్ అనలేదు. మోకాలు అతుక్కుంది గానీ వంగదు. మంచానికీ వాకిలికీ మధ్యే ఆయన లోకం. బండి నజీరా పట్టుకుంది. పట్టుకుని మొదటి రోజు ఎక్కడికి పోయిందంటే తుమ్మగుంటపాలేనికే పోయింది. తల్లి వద్దంది, చుట్టుపక్కల వాళ్ళు వద్దన్నారు. ఆ పాలకేంద్రం ముందు బండి ఆపి, గొంతు చించుకుని కేకేసింది. తలుపులు పడ్డాయి. వీధి వీధి తిరిగింది. ఖాళీ బండితో తిరిగొచ్చింది, వచ్చి కడుపు నిండా తిన్నది. మళ్ళీ వారం పోయింది. మళ్ళీ పోయింది. నా కేక వినీ వినీ మీ చెవులు తుప్పుపట్టాలి అనుకుంటూ పోయింది.

మొన్న ఆయనే వచ్చాడు. బుల్లయ్య గారు, ఇంతకాలానికి, ఈ రేకుల ఇంటి ముందుకి. కుర్చీ వేసింది. సినిమా సంగతి ఎట్టా తెలిసిందో మరి. "ఏమ్మా నజీరా, బాగున్నారా. చూడూ, జరిగిందేదో జరిగింది. ఊరి పేరెత్తడం దేనికమ్మా? పిల్లలు చదువుకుంటున్నారు, ఊరికి మచ్చ. ఒక ఊళ్ళో అంటే చాలదూ?" ఆమె ఏమీ అనకముందే ఇంకో మాట కూడా అన్నాడు. "మా పొగాకు బ్యారన్ పడగొట్టిస్తన్నా. గొట్టాలు, పొయ్యి రేకులు, గేట్లు, మొత్తం నీదే. ఇంకెవర్నీ రానివ్వను." బ్యారన్ మొత్తం. ఆ మాట చెవిన పడగానే నజీరా చేతులకి బరువు తెలిసింది. అంత ఇనుము! నోట్లో నీళ్ళూరిన మాట నిజం. ఎందుకు దాచాలి, తను చేసేది ఆ పనే. లోపల మంచం కిర్రుమంది. మాలిక్ విన్నాడు. ఆయన ఏమన్నా అంటాడేమోనని చూసింది. అనలేదు. "బ్యారన్ మీ దగ్గరే ఉంచుకోండి బుల్లయ్య గారూ," అంది. "ఊరి పేరు మాత్రం నాది. మా ఆయన మోకాలిచ్చి కొనుక్కున్నాడు." ఆయన కుర్చీలోంచి లేచిన తీరు తలుచుకుంటే నవ్వొస్తుంది ఇప్పటికీ. ఆయన పోయాక లోపలికెళ్ళి, తప్పు చేశానా, అని అడిగింది. మాలిక్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అదిగో, అక్కడ్నుంచీ మొదలైంది ఈ ముల్లు. తన మాట తను గట్టిగానే అంటోంది, కానీ కట్టేసింది ఆయన్ని. కొట్టింది ఆయన్ని. ఆయన నోరు విప్పని సంగతిని తను ఊళ్ళెంట వేసుకుపోయి బజార్న పరుస్తోందా? కాటా మీద పెట్టి తూస్తోందా? ఆయనకి సిగ్గుగా ఉందేమో. ఉంటే నాతో చెప్పొచ్చుగా. చెప్పడే. చెప్పనివాడి కోసం ఊరుకుంటే ఊరుకున్నట్టే ఉంటుంది జన్మంతా. సిగ్గు పడాల్సినోళ్ళు దర్జాగా తిరుగుతుంటే ఈయన గోడకి తిరిగి పడుకోవడమేంది? నాకు కోపం వాళ్ళ మీదేనా, ఈయన మీద కూడానా? అవును, ఈయన మీద కూడా. ఆ మాట తనకు తానే ఒప్పుకుని, చీకట్లో, మాలిక్ చేతి మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా ఉంది. తీసెయ్యలేదు.

తెర మీద మంచం. ఖాళీ మంచం. తర్వాత పాలకేంద్రం, స్తంభం, స్తంభం పక్క నుంచి బడిపిల్లలు పోతున్నారు. నజీరా గొంతు: "ఆ ఊరి పేరు తుమ్మగుంటపా" అంతే. తెర నల్లబడింది. ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి.

"కరెంటు పోయిందా?" అన్నారెవరో. పోలేదు. వెనక మెయిను స్విచ్చి దగ్గర హాలు మేనేజరు, అతని చుట్టూ తెల్లచొక్కాలు. మధ్యలో బుల్లయ్య గారు. "ఎవరు ఆపమన్నారు? హాలు నేను మాట్లాడుకున్నాను," అని అఖిల పరుగెత్తింది. "అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి," అంటున్నాడు ఆయన, "సినిమా వేసుకో, మేం వద్దన్లా. మా ఊరి పేరు తీసి వేసుకో. తీసిందాకా మెయిను లేవదు." కుర్చీలు కిర్రుమన్నాయి. జనం లేస్తున్నారు, పోదామా అంటున్నారు, ఎవరో తుమ్మారు. ఒక్క నిమిషం ఇట్టాగే గడిస్తే అందరూ మెట్లు దిగిపోతారు. సినిమా రేపు ఇంకో హాల్లో వేస్తాననే అంటుంది అఖిల, ఆ హాలుకీ వీళ్ళొస్తారు.

నజీరా ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. నల్లటి తెర ముందు నిలబడి ఉంది. ఇన్ని వీధుల్లో అరిచిన గొంతు, ఇక్కడ రాకపోతే ఎట్టా?

"కిటికీల దుప్పట్లు లాగండయ్యా," అంది. వచ్చింది గొంతు, రంపంలాగే వచ్చింది. "వెలుతురు రానీండి. నా ముఖం కనపడాలి."

ముందు వరసలో ఎవరో లాగారు. ఎండ భళ్ళున పడింది. లేచినవాళ్ళు ఆగారు.

"ఆ సినిమాలో చెప్పేది నేనేగా. మెయిను తీస్తే తీశారు, నాకు మెయిను అక్కర్లేదు. ఆ ఊరి పేరు తుమ్మగుంటపాలెం. ఆయన నా మొగుడు, పేరు మాలిక్. దొంగతనం చెయ్యలేదు. పాలకేంద్రం ముందు స్తంభానికి కట్టేసి కొట్టారు. దొంగలు దొరికినాక కూడా ఎవరూ వచ్చి తప్పన్లేదు."

బుల్లయ్య గారు కుర్చీల మధ్య నుంచి రెండడుగులు ముందుకొచ్చాడు. ముఖం ఎర్రబడింది. "నజీరా, నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు. నేను కొట్టానా? నా చెయ్యి పడిందా ఆయన మీద?"

"పడలేదు," అంది. "నేను చెప్పేదీ అదేనండీ. మీరు కొట్టలేదు. కొట్టినోళ్ళకి ఆయనెవరో తెలియదు. మీకు తెలుసు. తెలిసీ బండెక్కి పోయారు. ఒక్క మాట, మనోడేరా అని ఒక్క మాట అనుంటే ఆయన ఈ పాటికి బండి తోసుకుంటూ తిరిగేవాడు."

కింద లారీ హారను కొట్టింది. బుల్లయ్య గారు తెల్లచొక్కాల వైపు చూశాడు. వాళ్ళలో ఒక పెద్దాయన తల దించుకుని మెట్ల వైపు నడిచాడు. ఇంకేం చెప్పాలి, నజీరా వెతుక్కుంటోంది, మోకాలి సంగతి చెప్పాలా, ఆసుపత్రి సంగతి చెప్పాలా, తనకి తెలిసింది అయిపోయింది, ఇప్పుడు కూర్చుంటే ఇంతేనా అనిపిస్తుంది.

"చెప్పులు."

ఆ గొంతు ఎవరిదో ఆమెకి వెంటనే తెలియలేదు.

"చెప్పుల సంగతి చెప్పలేదు నువ్వు," అన్నాడు మాలిక్. ముందు కుర్చీ వీపు పట్టుకుని లేస్తున్నాడు, కుడికాలు పక్కకి జరుపుకుంటూ. "నీకు తెలియదులే. నేను చెప్పలా. స్తంభం నుంచి కట్లు విప్పాక నా చెప్పులు తీసుకున్నారు. కొత్తవి. పాత సామాన్లోడికి చెప్పులెందుకురా అన్నాడొకడు. రోడ్డు కాల్తా ఉంది. ఆ కాలితో, ఉత్త కాళ్ళతో, బండిని ఆనుకుని మెయిన్‌రోడ్డు దాకా వచ్చా. కొట్టింది మర్చిపోదామనుకున్నా. అది మాత్రం..."

ఆగాడు. ఇన్నాళ్ళూ తను పోగేసిన ముక్కల్లో ఈ ముక్క లేదు. చెప్పులు దారిలో పోయాయి కాబోలనుకుంది, వెళ్ళి కొత్తవి తెచ్చింది, ఆయన అవి వేసుకోకుండా మంచం కిందికి తోస్తే విసుక్కుంది కూడా. అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. ఆయన ముందు వాటిని చూశాడు, తర్వాత బుల్లయ్య గార్ని చూశాడు. చూపు తిప్పుకోలేదు.

"ఇంకా ఉంది," అన్నాడు. "ఆమెకి తెలియనిది ఇంకా శానా ఉంది."

నజీరా ఎండపడే చోటు నుంచి పక్కకి జరిగింది.

"ఇటు రావయ్యా," అంది. "ఇక్కడ నుంచుని చెప్పు. అందరికీ కనపడతావు."